పదహారు వారాల రీసెర్చ్ ప్రాజెక్ట్, ఏడేళ్ల వాడకం: ఒక డిజైన్ విద్యార్థి సమీక్ష

డిజైన్ కాలేజీలో నాలుగో ఏడాది వచ్చే ఇండిపెండెంట్ రీసెర్చ్ ప్రాజెక్ట్ తీసుకోవాలా, దాని బదులు ఇంకో స్టూడియో కోర్సు తీసుకుని పోర్ట్‌ఫోలియోకి నాలుగు మంచి బొమ్మలు చేసుకోవాలా అని జూనియర్లు ప్రతి ఏడూ అడుగుతుంటారు. ఫోన్లో చెప్పిందే చెప్పే బదులు ఈసారి రాసి పెడదామని కూర్చున్నాను. నేను దీన్ని 2018లో చేశాను. కమ్యూనికేషన్ డిజైన్, ఏడో సెమిస్టర్, పదహారు వారాలు. క్లాసులు ఉండవు, సిలబస్ ఉండదు. ఒక ప్రశ్న మీరే ఎంచుకోవాలి, వారానికోసారి గైడ్‌ని కలవాలి, మధ్యలో ఒక జ్యూరీ (మన పని చూసి, ప్రశ్నలడిగి మార్కులేసే బృందం), చివర్లో రిపోర్టు, ఇంకో జ్యూరీ. అంతే. వినడానికి హాయిగా ఉంటుంది కానీ మొదటి నెల రోజులు నాకు నిద్ర పట్టలేదు.

టెన్షన్ అంతా ప్రశ్న దగ్గరే. నేను మొదట రాసుకెళ్లిన టాపిక్ 'గ్రామీణ ప్రజల కోసం సమాచార డిజైన్'. మా గైడ్ మేడమ్ చదివి, 'ఏ ఊరు? ఎవరు? ఏ సమాచారం?' అని మూడు ప్రశ్నలు వేసి కాగితం తిరిగి ఇచ్చేశారు. రెండో వారం 'బస్సు ప్రయాణికుల కోసం' అని మార్చాను, మళ్లీ అవే మూడు ప్రశ్నలు. మూడో వారానికి ఏడుపొచ్చేసింది. అప్పుడు ఆవిడ, 'నువ్వు చిన్నప్పట్నుంచి బాగా ఎరిగిన చోటు ఏదైనా ఉంటే అక్కడికి వెళ్లి ఒక రోజంతా ఊరికే కూర్చో, ఏమీ గీయకు' అన్నారు. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. గుడివాడ బస్టాండులో పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. ప్రశ్న అక్కడే దొరికింది: చదవడం రాని పెద్దవాళ్లు తమ బస్సు ఏదో ఎలా తెలుసుకుంటున్నారు?

ఇది చిన్న విషయమేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం చిల్లర, ఆడవాళ్లలో అయితే 59 శాతం చిల్లర. అంటే బస్సు ముందు పెట్టే బోర్డు చదవలేని ఆడవాళ్లు అప్పటికి వందకి నలభై మంది దాకా ఉన్నారు. వాళ్లంతా రోజూ బస్సులెక్కి సరైన ఊళ్లోనే దిగుతున్నారు కదా, మరి ఎలా?

ఈ కోర్సు నాకు నేర్పిన అన్నింటికంటే పెద్ద విషయం ఇక్కడ చెప్పాలి. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు అన్నీ తెలిసిపోయాయనుకున్నాను. మెక్సికో సిటీ మెట్రో 1969లో మొదలైనప్పుడు లాన్స్ వైమన్ అనే అమెరికన్ డిజైనర్ ప్రతి స్టేషన్‌కీ ఒక బొమ్మ గుర్తు తయారు చేశారు, చదువు రానివాళ్లు కూడా గుర్తుపట్టేలా. అది క్లాసులో చదివాం. ఇంకేముంది, బందరుకి లడ్డు, పెడనకి కలంకారీ అచ్చు, కైకలూరుకి చేప అని రాత్రికి రాత్రి గీసేసుకుని రెండోసారి వెళ్లాను. ఒక మామ్మగారికి చూపించాను. బొమ్మలు బాగున్నాయనే అన్నారు, లడ్డు చూసి ఇది బందరే కదా అని గుర్తుపట్టారు కూడా. 'మరి ఇవి బస్సుకి పెడితే మీకు తేలికవుతుందా?' అంటే ఆవిడ కాసేపు ఆలోచించి, 'బొమ్మ చూసి ఎక్కాక అది ఇంకో ఊరెళ్తే ఎవర్ని అడగాలమ్మాయ్? మనిషి చెబితే ఆ మనిషి ఉంటాడు గదా' అన్నారు.

ఆ ఒక్క మాటతో నా ప్రాజెక్ట్ మొత్తం తిరగబడింది. మూడోసారి, నాలుగోసారి వెళ్లినప్పుడు బోర్డుల వైపు చూడటం మానేసి మనుషుల్నే చూశాను. వాళ్లు ఒకర్ని అడిగి ఊరుకోరు, ఇద్దర్ని అడుగుతారు. 'ఇది బందరెల్తదా బాబూ?' అని మొదట పక్కనున్న వాళ్లని, ఎక్కేముందు కండక్టర్‌ని. రెండు జవాబులూ కలిస్తేనే కాలు మెట్టు మీద పెడతారు. రోజూ వెళ్లేవాళ్లయితే ఫలానా కొట్టుకి ఎదురుగా ఆగేది మన బస్సు అని చోటుతో గుర్తుపెట్టుకుంటారు. ఎక్కేవాళ్లలో తమ ఊరి మొహం ఒకటి కనబడితే ఇక అసలు అడగరు. అప్పటిదాకా నేను దీన్ని చదువు లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బందిగా చూశాను. దగ్గరగా చూస్తే అది పొరపాటు పడకుండా వాళ్లు కట్టుకున్న పద్ధతి, చదువొచ్చిన నేను కూడా కొత్త ఊళ్లో అదే చేస్తాను.

పేర్ల సంగతి కూడా అప్పుడే బయటపడింది. బోర్డు మీద 'మచిలీపట్నం', నోట్లో 'బందరు'. బోర్డు మీద 'విజయవాడ', నోట్లో 'బెజవాడ'. 'రాజమహేంద్రవరం' అని ఎంతమంది అడగగా విన్నారు మీరు? కూడబలుక్కుని చదవగలిగిన వాళ్లు కూడా తమకు అలవాటైన పేరు కనబడక మళ్లీ అడుగుతున్నారు. పైగా గుడివాడ నుంచి బందరుకి రెండు దారులు, ఒకటి పామర్రు మీదుగా, ఇంకొకటి గుడ్లవల్లేరు, పెడన మీదుగా. మధ్య ఊళ్లలో దిగేవాళ్లకి చివరి ఊరి పేరు కంటే మధ్యలో ఏ ఊరు వస్తుందన్నదే ముఖ్యం, అదేమో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అక్షరాల దగ్గర ఇంకో నెల పట్టింది, ఆ నెల నాకు చాలా ఇష్టం. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తులో వరుసగా నిలబడతాయి, పలక ఎత్తంతా అక్షరానికే ఇవ్వొచ్చు. తెలుగుకి పైన గుడి, కింద ఒత్తు కావాలి. 'గుడ్లవల్లేరు' రాయాలంటే రెండు ఒత్తులు, 'పామర్రు'కి ఒకటి, 'మచిలీపట్నం'కి ఒకటి. అదే పలకలో ఇవన్నీ పట్టించాలంటే అసలు అక్షరం చిన్నదైపోతుంది, దూరం నుంచి కనబడదు. కాగితం మీద రెండూ ప్రింట్ తీసి హాస్టల్ వరండాలో అతికించి స్నేహితుల్ని వెనక్కి నడిపించి చూశాను, తెలుగు బోర్డు కోసం అందరూ కొన్ని అడుగులు ముందుకి రావాల్సి వచ్చింది, అందరూ తెలుగు మీడియంలో చదివిన వాళ్లే. ఇంకొకటి, ద కీ డ కీ తేడా ఎంత చిన్నదో చూడండి. పెడన బస్సూ పెదపారుపూడి బస్సూ పక్కపక్కన నిలబడితే దూరం నుంచి మొదటి రెండక్షరాలు ఒకేలా ఉంటాయి. అక్షరాల కోసం అక్షరాలు చూసి ఉంటే ఇది నాకు తట్టేది కాదు, ఆ ఊళ్లు నావి కాబట్టి తట్టింది.

ఇక బాగాలేనివి.

గైడ్ టైమ్ సరిపోదు. వారానికి ఇరవై నిమిషాలన్నారు, జ్యూరీలు దగ్గర పడ్డాక అది పదికి పడిపోయింది. మా మేడమ్ మంచివారు కాబట్టి నెట్టుకొచ్చాను, వేరే గైడ్‌కి పడ్డ నా స్నేహితురాలికి ఎనిమిదో వారం దాకా ప్రశ్నే ఖాయం కాలేదు. ఫీల్డ్ ఖర్చు మొత్తం మనదే. హైదరాబాద్ నుంచి నేను ఆరుసార్లు వెళ్లొచ్చాను, ఇంట్లో ఉండి తినే వీలుంది కాబట్టి సరిపోయింది. ఉత్తరాది నుంచి వచ్చిన క్లాస్‌మేట్ ఒకడు డబ్బుల్లేక కాలేజీ క్యాంటీన్ మీదే ప్రాజెక్ట్ చేశాడు. ఈ కోర్సు పెట్టే కాలేజీలు ప్రయాణానికి ఎంతో కొంత ఇవ్వాలని గట్టిగా అనుకుంటాను.

మార్కుల విషయం అన్నింటికంటే బాధ పెట్టింది. కోర్సు పేరులోనే రీసెర్చ్ ఉన్నా జ్యూరీలో మొదటి ప్రశ్న 'ఫైనల్ ప్రొడక్ట్ ఎక్కడ?'. నేను చూపించింది ఒత్తులకి చోటు వదిలి, జనం పిలిచే పేరు కూడా కలిపి, దారిలోని ఊళ్లని పెద్దవిగా రాసిన బోర్డు నమూనా ఒకటి, దాని వెనక ఎనభై పేజీల పరిశీలన. 'ఇంతేనా?' అన్నారు. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ప్రొఫెసర్ క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లోనే డిజైన్ గురించి చేసే పరిశోధన వేరు, డిజైన్ చేస్తూ చేసే పరిశోధన వేరు, డిజైన్ కోసం చేసే పరిశోధన వేరు అని విడదీసి చెప్పారు. మీది ఈ మూడింట్లో ఏదో మొదటి పేజీలోనే రాసుకోండి, జ్యూరీకి కూడా ముందే చెప్పండి. నేను చెప్పలేదు, మార్కులు పోయాయి.

రిపోర్టు ఇంగ్లీషులో రాయాలన్నది రూలు. నాతో మాట్లాడిన వాళ్లెవరూ చదవలేని భాషలో వాళ్ల గురించి ఎనభై పేజీలు రాసి బీరువాలో పెట్టించడం నాకు మనసొప్పలేదు. సెమిస్టర్ అయ్యాక తెలుగులో నాలుగు పేజీలు రాసి తీసుకెళ్లి బస్టాండులో కంట్రోలర్ గారికిచ్చాను, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లకి పక్కన కూర్చుని చదివి వినిపించాను. లడ్డు బొమ్మ చూసిన మామ్మగారు ఆ రోజు కనబడలేదు. ఆ పని కోర్సులోనే భాగంగా ఉండాలి, మార్కులు కూడా ఉండాలి.

ఏడేళ్లలో ఇందులోంచి ఏం వాడాను అంటే, నేనిప్పుడు ఆసుపత్రులు వాడే యాప్‌లకి డిజైన్ చేస్తాను. స్టూడియో కోర్సుల్లో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ రెండుసార్లు మారిపోయింది. నోటుబుక్కు పేజీని నిలువుగా రెండు చేసి ఎడమవైపు 'చూసింది', కుడివైపు 'అనుకున్నది' రాసే అలవాటు మాత్రం మారలేదు. మీటింగులో ఎవరైనా 'యూజర్లకి ఇది అర్థం కాదు' అంటే 'ఏ యూజర్? ఎప్పుడు? మనం చూశామా?' అని నోట్లోంచి వచ్చేస్తుంది, అవి మా మేడమ్ ప్రశ్నలే. పేషెంట్లు రిసెప్షన్‌లో ఇద్దర్ని అడిగే దాకా కదలకపోవడం చూసి, స్క్రీన్ మీద ఎన్ని బాణం గుర్తులు పెట్టినా అడగడానికి ఒక మనిషి ఉండాలని వాదించి ఒప్పించాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా పోస్టర్లు తిప్పేసి బస్టాండు గురించే అరగంట అడిగారు.

కాబట్టి నేనైతే తీసుకోమనే చెబుతాను, ఒక షరతు మీద. బస్సులో వెళ్లి రాగలిగిన దూరంలో, మీ భాష మాట్లాడే చోట, కనీసం నాలుగైదుసార్లు వెళ్లగలిగితేనే తీసుకోండి. ఒక్కసారి ఎక్కడికో దూరం వెళ్లి మూడు రోజుల్లో ఫోటోలు తీసుకొచ్చే ప్లాన్ అయితే స్టూడియో కోర్సే మేలు. చేత్తో చేస్తేనే ఆలోచన సాగే వాళ్లు కొందరుంటారు, వాళ్లకి కూడా ఇది కష్టం, అందులో తప్పేం లేదు.

2025 ఆగస్టు 15న ఆంధ్రలో స్త్రీశక్తి పథకం మొదలైంది, ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఛార్జీ లేదు. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరులోనే వచ్చింది. దసరాకి ఇంటికెళ్లినప్పుడు గుడివాడ బస్టాండులో పాత బెంచీ మీదే కూర్చున్నాను. జనం పెరిగారు, అడిగే ప్రశ్న కూడా పెరిగింది. 'ఇది బందరెల్తదా?' తర్వాత ఇప్పుడు 'ఇది ఫ్రీ బస్సేనా?' అని ఇంకొకటి. ఊరి పేరు చదవలేని మనిషి బస్సు రకం ఎలా పోల్చుకుంటోంది, రంగుతోనా, సీట్లతోనా, మళ్లీ మనిషినే అడిగా? ఎడమవైపు కాలమ్‌లో రాయడం మొదలుపెట్టాను. చీకటి పడేసరికి పదకొండు పేజీలయ్యాయి.