నమ్‌పై 2 సమీక్ష: అదే వాన డేటా, రెట్టింపు మెమరీ

నిన్నటిదాకా నడిచిన వాన లెక్కల ప్రోగ్రాము, పైథాన్‌లో సంఖ్యల లెక్కలు చేసే లైబ్రరీ నమ్‌పైని 1.26 నుంచి 2కి మార్చగానే 8 జీబీ ల్యాబు కంప్యూటరులో ‘అనేబుల్ టు అలొకేట్ 5.69 జీఐబీ’ అంటూ ఆగిపోయిందా? లోపం ర్యామ్‌లో లేదు, ఇది మెమరీ లీకూ కాదు. 2024 జూన్‌లో వచ్చిన నమ్‌పై 2.0, లెక్క ఫలితం ఏ రకం సంఖ్య కావాలో తేల్చే నియమాన్నే మార్చేసింది.

భారత వాతావరణ శాఖ ఇచ్చే 0.25 డిగ్రీల రోజువారీ వర్షపాతం గ్రిడ్‌నే తీసుకుందాం. సీమ కరువు మీద ప్రాజెక్టు చేసేవాళ్లకు బాగా పనికొచ్చే డేటా ఇది. అక్షాంశాలు 129, రేఖాంశాలు 135. రోజుకు 17,415 విలువలు. 1901 నుంచి 2020 దాకా 43,830 రోజులు. ఒక్కో విలువకు 4 బైట్లు పట్టే ఫ్లోట్32లో మొత్తం 3.05 జీబీ, విండోసూ బ్రౌజరూ తినగా మిగిలిన చోట ఇరుకుగానైనా సర్దుకుంటుంది. 8 బైట్ల ఫ్లోట్64 అయితే 6.1 జీబీ. పైగా పాత అరే (నమ్‌పై సంఖ్యల పట్టిక) పక్కనే కొత్తది పుడుతుంది, ఆ క్షణాన కావలసింది 9 జీబీ పైమాటే.

మరి ఫ్లోట్32 ఎక్కడ ఫ్లోట్64 అయింది? పాత నమ్‌పై, ఫ్లోట్32 అరేకు ఒంటరి ఫ్లోట్64 సంఖ్య తగిలితే దాని విలువ చూసి, ఫలితాన్ని ఫ్లోట్32లోనే ఉంచేది. కొత్తది విలువను పట్టించుకోదు, రకం చూస్తుంది. నమ్‌పై తయారుచేసిన ఫ్లోట్64 సంఖ్య ఒక్కటి తగిలినా ఫలితమంతా ఫ్లోట్64. పైథాన్ సొంత దశాంశ సంఖ్య మాత్రం అరే రకానికే లొంగుతుంది. అందుకే డేటాను నమ్‌పై వర్గమూలం ఫంక్షనుతో తీసిన √2తో గుణిస్తే మెమరీ రెట్టింపు, మ్యాథ్ మాడ్యూలు ఇచ్చిన √2తో గుణిస్తే మామూలే. నమ్‌పైలోని ‘పై’ విలువ పైథాన్ సంఖ్యే, దానితో భయం లేదు. చిక్కంతా పట్టికల లైబ్రరీ పాండాస్‌తో సీఎస్‌వీ ఫైలు చదివి తీసిన స్టేషన్ సగటును గ్రిడ్ నుంచి తీసివేసే లైనులాంటి చోట్ల. ఆ సగటు ఫ్లోట్64.

విరుగుడు చిన్నదే. ఆ సంఖ్యను పైథాన్ ఫ్లోట్‌గా మార్చి వాడండి. మూల డేటా మళ్లీ అక్కర్లేకపోతే, తీసివేత గుర్తు వెంటనే సమానం గుర్తు పెట్టే ‘-=’ రూపం ఇంకా మేలు: ఫలితం ఉన్న అరేలోనే పడుతుంది, రకం మారదు, రెండో 3 జీబీ అవసరమే రాదు.

నియమం మార్చడం సరైన పనే. డేటాలో ఏ విలువ ఉందన్నదాన్ని బట్టి ఫలితం రకం మారుతుంటే ఆ ప్రోగ్రామును నమ్మేదెలా? కానీ ఈ రెట్టింపు ఏ హెచ్చరికా లేకుండా జరిగిపోతుంది. ఒక్క ఏడాది డేటాతో, అంటే 25 ఎంబీతో, పరీక్షించినవాళ్లకు తేడాయే తెలియదు. ఈ వెర్షనులో గట్టిగా తప్పుపట్టాల్సింది ఇదే. కాబట్టి ఇలా రకం మారే లైన్ల వెతుకులాట 1.26లో ఉండగానే ముగించండి. అందులో ఎన్‌పీవై, ప్రమోషన్, స్టేట్ అనే మూడు మాటలను అండర్‌స్కోర్‌లతో కలిపి, పెద్దక్షరాల్లో రాసిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పనిచేస్తుంది. దానికి ‘వీక్ అండ్ వార్న్’ను చిన్నక్షరాల్లో, అండర్‌స్కోర్‌లతో విలువగా ఇచ్చి ప్రోగ్రాము నడిపితే, రకం మారే ప్రతిచోటా హెచ్చరిక వస్తుంది. 2.2 నుంచి ఈ సదుపాయం తీసేశారు. కోడ్‌లో తప్పులు వెతికే పనిముట్టు రఫ్‌లోని నమ్‌పై 2 నియమం పేర్ల మార్పులను పట్టుకుంటుంది గాని దీన్ని పట్టుకోదు. ఇంకోటి, 1.26 పైథాన్ 3.12 దాకానే, 3.13 ఎక్కించుకున్నాక వెనక్కి వెళ్లడం కష్టం.

మెమరీ పెరగడానికి రెండో కారణం విండోస్ వాళ్లకే. పాత నమ్‌పై విండోస్‌లో పూర్ణాంకాలను 32 బిట్లుగా పెట్టేది, ఇప్పుడు లైనక్స్‌లో మాదిరే 64. 10,000×10,000 పిక్సెళ్ల భూవినియోగ చిత్రం 400 ఎంబీ నుంచి 800కి పోతుంది. పది తరగతులకు అంత దేనికి? రకాన్ని యూఇంట్8 (0 నుంచి 255 దాకా మాత్రమే పట్టే ఒక బైటు రకం) అని రాయండి, 100 ఎంబీలో ముగుస్తుంది. అయితే ఆ రకంతో కూడికలు చేసేటప్పుడు జాగ్రత్త: యూఇంట్8 రకపు 200కి 100 కలిపితే నమ్‌పై 2లో వచ్చేది 44.

కొన్ని నిందలు మాత్రం అప్‌గ్రేడ్‌కు అంటవు. డేటా లేనిచోట వాతావరణ శాఖ పెట్టే −999ను నాన్‌గా (‘సంఖ్య కాదు’ అనే గుర్తు) మార్చి, నాన్‌లను వదిలి సగటు తీసే నాన్‌మీన్ ఫంక్షన్ పిలిస్తే, అది లోపల అరే మొత్తాన్ని ఇంకో కాపీ తీస్తుంది, పైన నాన్‌లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టే 0.76 జీబీ మాస్కు కూడా. 1.26లోనూ ఇంతే. మెమరీ ఎంతదాకా పోతోందో పైథాన్‌లోని మెమరీ కొలిచే మాడ్యూలు ట్రేస్‌మ్యాలక్ గరిష్ఠ విలువ చెబుతుంది. అరే ఒక్కదాని సైజే కావాలంటే దాని ఎన్‌బైట్స్ విలువ చాలు.

అసలు దేశమంతటి గ్రిడ్‌ను మెమరీలోకి లాగడమెందుకు? వాతావరణ శాఖ గ్రిడ్ డేటా ఉండే జీఆర్‌డీ ఫైళ్లను మెమ్‌మ్యాప్‌తో (ఫైలును డిస్కు మీదే ఉంచి, కావలసినంతే చదివే పద్ధతి) ఏడాదికొకటి తెరిచి, పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలు పట్టే ముక్క కోసుకోండి: అక్షాంశాలకు 28:40, రేఖాంశాలకు 41:54. కోసిన వెంటనే కాపీ తీయాలి, లేదంటే ఆ ముక్క వెనుక ఫైలంతా వేలాడుతుంటుంది. ఈ 156 బిందువుల 120 ఏళ్ల డేటా ఫ్లోట్64లో పెట్టినా 55 ఎంబీ దాటదు. లెక్క సున్నా నుంచి మొదలుపెడితే, దేశం గ్రిడ్‌లో అనంతపురానికి దగ్గరి బిందువు 33, 44. కర్నూలుకు 37, 46. కడపకు 32, 49.