బార్సిలోనా, క్రూజ్, మాడ్రిడ్: ఊళ్లు తగ్గించి తీసుకున్న ప్యాకేజీ రివ్యూ

పోయిన దసరా సెలవుల్లో మేం వెళ్లొచ్చిన యూరప్ ప్యాకేజీ గురించి ఇది. బార్సిలోనాలో మూడు రాత్రులు, అక్కడే ఎక్కి అక్కడే దిగే ఏడు రాత్రుల మెడిటరేనియన్ క్రూజ్, ఆ తర్వాత రైల్లో మాడ్రిడ్ వెళ్లి రెండు రాత్రులు. వెళ్లింది నలుగురం: నేను, మా ఆయన, ఇంటర్ చదివే మా అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్నా ‘నేను రాను’ అనే మాట నోట రాని మా అత్తయ్య. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ రూట్లో తిరిగే పెద్ద ఓడలు ఇంచుమించు ఈ రేవుల్లోనే ఆగుతాయి కాబట్టి ఎవరి దగ్గర బుక్ చేసుకున్నా లెక్క పెద్దగా మారదు.

కేపీహెచ్‌బీలో మా ట్రావెల్ ఏజెంట్ మొదట చూపించిన ప్లాన్ వేరు. పారిస్ రెండు రాత్రులు, స్విస్ రెండు, బార్సిలోనా ఒక్కటి, తెల్లారితే ఓడ. ‘క్రూజ్ అంటేనే రెస్ట్ కదా మేడమ్, ముందే గట్టిగా తిరిగేసి ఓడెక్కి పడుకోండి’ అన్నాడు. వినడానికి బాగానే ఉంది. ఓడ టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం ఆ మాట నిలవదు. ఎక్కిన మర్నాడు పాల్మా, తర్వాత మార్సెయ్, లా స్పెజియా, చివితవెక్కియా, నేపుల్స్. వరసగా ఐదు రోజులు, ఐదు రేవులు. ఎక్కడా ఆగకుండా ఓడ నడుస్తూనే ఉండే సీ డే ఒక్కటే, అదీ ఇంకో పూటలో దిగిపోతామనగా వస్తుంది. అప్పటిదాకా రోజూ పొద్దున్నే లేచి, టిఫిన్ ముగించి, కార్డు స్కాన్ చేయించుకుని దిగడం, సాయంత్రం టైముకి తిరిగి ఎక్కడం. దానికి ముందే మూడు దేశాల్లో మూడు హోటళ్లు మారి వస్తే, ఓడెక్కేసరికే ఒళ్లు హూనం.

పారిస్, స్విస్ తీయించేశాను. ‘అంత దూరం వెళ్లి ఈఫిల్ టవర్ చూడరా?’ అని ఏజెంటే కాదు, మా ఆడపడుచు కూడా ఫోన్ చేసి అడిగింది. ఇంకోసారి చూస్తాం అన్నాను. వెళ్లే టికెట్ బార్సిలోనాకి, వచ్చే టికెట్ మాడ్రిడ్ నుంచి తీయించాను. ఇలా తీస్తే రేటు ఆకాశానికేం అంటదు, దిగిన ఊరికే మళ్లీ వెనక్కి పరిగెత్తే పని తప్పుతుంది. రాత్రులన్నీ కలిపితే ఎక్కువ భాగం స్పెయిన్‌లోనే కాబట్టి షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) కూడా ఆ దేశానికే అప్లై చేశాం. మీ రూట్లో టర్కీ, మాంటెనెగ్రో లాంటి షెంగెన్‌లో లేని దేశాలు ఉంటే మాత్రం మల్టిపుల్ ఎంట్రీ కావాలి, అది ముందే చూసుకోండి.

బార్సిలోనా మూడు రాత్రులు సరిగ్గా సరిపోయాయి. సెప్టెంబర్లో మనకీ స్పెయిన్‌కీ మూడున్నర గంటల తేడా. ఇంట్లో ఐదున్నరకి లేచే అత్తయ్యకి అక్కడ రెండింటికే మెలకువ. సాయంత్రం ఏడయ్యేసరికి కళ్లు మూతలు పడిపోయేవి. ఆ ఊళ్లో చాలా హోటళ్లలో రాత్రి భోజనం మొదలయ్యేది ఎనిమిదిన్నరకి! అందుకని పెద్ద భోజనం మధ్యాహ్నమే కానిచ్చేసి, రాత్రికి పళ్లు, పెరుగు, బ్రెడ్డు, ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడితో సరిపెట్టేశాం. ఎలాగూ తెల్లారకుండానే లేచి కూర్చుంటాం కాబట్టి సగ్రదా ఫమీలియాకి పొద్దున తొమ్మిదింటి టికెట్ తీశాం. 1882లో మొదలుపెట్టిన చర్చి. ఆర్కిటెక్ట్ గౌడీ చేతికి వచ్చింది ఆ మరుసటేడు. టికెట్ మీద ఏ టైము ఉంటే ఆ టైముకే లోపలికి పంపుతారు, ఆన్‌లైన్లో ముందే కొనాలి. పొద్దునపూట తూర్పు వైపు అద్దాల్లోంచి నీలం, ఆకుపచ్చ వెలుగు లోపలికి పడుతుంది. సాయంత్రం వెళ్తే పడమటి వైపు నుంచి ఎరుపు, నారింజ. అత్తయ్య లోపల బెంచీ మీద కూర్చుంటే ఆవిడ తెల్లజరీ చీర కాసేపు నెమలికంఠం రంగులోకి మారిపోయింది. ఆవిడ అది గమనించి పమిట చెంగు చాపి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. గోపురాల టికెట్ విడిగా ఉంటుంది. పైకి లిఫ్ట్ ఉన్నా దిగేది మెలి తిరిగే ఇరుకు మెట్ల మీదే, మోకాళ్లు బాగాలేని వాళ్లకి వద్దు.

మూడో రోజు మధ్యాహ్నం ప్లాన్‌లో ఏమీ పెట్టలేదు. ఏజెంట్ అక్కడ మాంట్‌సెరాట్ కొండ పెడతానన్నాడు, వద్దన్నాను. మేం వెళ్లినప్పుడు అక్కడ లా మెర్సే పండగ జరుగుతోంది, సెప్టెంబర్ 24 ఆ ఊరికి సెలవు. సాంట్ జౌమె చౌక్‌లో మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురాలు కడుతున్నారు. మన ఉట్టి కొట్టే పిల్లల్లాగే, కానీ ఉట్టి లేదు, నీళ్లు చల్లేవాళ్లూ లేరు. జనమంతా నోరు మూసుకుని చూస్తున్నారు. చిట్టచివర హెల్మెట్ పెట్టుకున్న చిన్నపిల్ల జరజరా పైకి పాకి, ఒక్క చెయ్యి ఎత్తి, వెంటనే అటువైపు దిగిపోతుంది. కట్టడం కన్నా విప్పడమే కష్టమట, పక్కన నిలబడ్డ పెద్దాయన సైగలతో చెప్పాడు. మావాడు ఫోన్ జేబులో పెట్టేసి చూసింది ట్రిప్ మొత్తంలో ఇదొక్కటే.

ఇక ఓడ. ఎక్కే రోజు పొద్దునే ఇండియా నుంచి దిగేలా టికెట్ ఇస్తే తీసుకోకండి. ఫ్లైటు లేటయినా, సూట్‌కేసు దోహాలో ఉండిపోయినా ఓడ ఆగదు. మేం పదకొండున్నరకి టెర్మినల్ చేరాం. పెద్ద పెట్టెలు అక్కడే తీసేసుకుంటారు, అవి రూములకి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. కాబట్టి మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. లైన్లో మా ముందున్న గుంటూరు కుటుంబం పెట్టెలో ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ దొరికింది. కెటిల్, ఇస్త్రీపెట్టె, కుక్కర్ లాంటి వేడెక్కే సామాను ఓడలోకి రానివ్వరు, అగ్నిప్రమాదం భయం. చీటీ అంటించి పక్కన పెట్టేశారు, దిగేటప్పుడు ఇస్తారు. ఆ ఇంటి అమ్మాయి మొహం చూస్తే నగలపెట్టె పోగొట్టుకున్న పెళ్లివారు గుర్తొచ్చారు.

నిజానికి కుక్కర్ అవసరం పడదు. బఫేలో ఏదో ఒక కూర, అన్నం దొరుకుతూనే ఉంటాయి. మొదటి రాత్రి డైనింగ్ హాల్లో మా టేబుల్‌కి వచ్చిన కుర్రాడిది గాజువాక. అత్తయ్య మాట వినగానే తెలుగులోకి దిగిపోయాడు. ‘మామ్మగారూ, మెనూలో చూడకండి. రాత్రే నాతో చెప్పేయండి, రేపటికి పప్పు, కూర చేయిస్తాను’ అన్నాడు. ఇలా ఒకరోజు ముందు చెప్పే పద్ధతి ఉందని బ్రోచర్‌లో లేదు, ఏజెంట్ చెప్పలేదు. రాత్రి భోజనానికి మొదటి బ్యాచ్ అడిగి తీసుకోండి. ఆరింటికల్లా కూర్చోవచ్చు, మన టైముకి అదే సరిపోతుంది.

రూములు రెండు తీశాం, ఒకటి బాల్కనీ, ఒకటి కిటికీ కూడా లేని లోపలి గది. బాల్కనీకి పెట్టిన డబ్బు అత్తయ్య పొద్దుటి కాఫీలకి వసూలైంది. లోపలి గదిలో లైటు తీస్తే కటిక చీకటి, మావాడు తొమ్మిది దాకా నిద్ర లేచేవాడు కాదు. చవకదే మేలనిపించింది వాడి విషయంలో.

రేవుల సంగతికొస్తే, ఐదూ చూడాలని పంతం పట్టకూడదు. పాల్మాలో కేథడ్రల్, దాని చుట్టూ సందులు, సగం పూటలో అయిపోతుంది. మార్సెయ్‌లో అసలు దిగలేదు. పెద్ద ఓడలు ఆగే చోటు పాత రేవుకి చాలా దూరం, దిగితే బస్సు కోసమే ఒక పూట. ఓడంతా ఊరి మీద పడ్డాక స్విమ్మింగ్ పూల్ దగ్గర కుర్చీలన్నీ ఖాళీ. టైమ్‌టేబుల్లో లేని సీ డే మాకు ఆ రోజు దొరికింది. లా స్పెజియా నుంచి ఫ్లోరెన్స్‌కి బస్సు టూర్ అమ్ముతారు. పోనూ రానూ నాలుగు గంటలకి పైగా బస్సులోనే అయితే చూసేదెప్పుడు? మేం లోకల్ రైలెక్కి చింక్వె టెర్రె ఊళ్లలో ఒక్క మాంటెరోస్సోకి వెళ్లాం. ఆ ఐదు ఊళ్లలో అదే కాస్త చదునుగా ఉంటుంది, స్టేషన్ దిగితే ఎదురుగా సముద్రం. కోర్నీలియా అనే ఇంకో ఊరికి స్టేషన్ నుంచి 380కి పైగా మెట్లు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఫొటోలు చూసి మోసపోకండి.

అసలు ఒళ్లు అలిసే రోజు రోమ్‌ది. బ్రోచర్లో ‘రోమ్’ అని పెద్ద అక్షరాలతో వేస్తారు కానీ ఓడ ఆగేది చివితవెక్కియాలో, రోమ్‌కి 70 కిలోమీటర్ల పైచిలుకు. రేవులో షటిల్ బస్సు, అక్కడి నుంచి స్టేషన్‌కి ఇంకో బస్సు, తర్వాత రైలు. మేం దిగింది ఎనిమిదింటికి, సాన్ పియెత్రో స్టేషన్ చేరింది పదింటికి. తిరుగు ప్రయాణానికీ అంతే పడుతుందని, పైన ఒక గంట పెట్టుకుని మూడున్నరకి బయల్దేరాం. రోమ్ నగరానికి దక్కింది ఐదున్నర గంటలు. వాటికన్ బాసిలికా సెక్యూరిటీ లైన్, బాసిలికా, ట్రెవీ ఫౌంటెన్, మధ్యలో ఒక భోజనం. కొలోసియం బయట నుంచే, అదీ టాక్సీలోంచి. రోమ్ మీద నిజంగా మనసున్న వాళ్లు దాన్ని రేవుగా కాకుండా మూడు రాత్రుల ఊరిగా పెట్టుకుని, బార్సిలోనాని రేవు చేసుకోవడం మంచిది. రైలు టికెట్ నాలుగైదు యూరోలు, ఓడవాళ్ల బస్సు దానికి ఎన్నో రెట్లు. కాకపోతే వాళ్ల టూర్ లేటయితే ఓడ ఆగుతుంది, మన రైలు లేటయితే ఆగదు. టెన్షన్ పడే మనుషులైతే ఆ డబ్బు ఇచ్చేయడమే నయం.

నేపుల్స్‌లో ఓడ ఊరి నడిబొడ్డునే ఆగుతుంది, ఎదురుగా కోట. తండ్రీకొడుకులు లోకల్ రైల్లో పాంపే వెళ్లారు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన ఊరు, చెట్టు నీడ తక్కువ, రాళ్ల రోడ్లు. రాతి అరుగుల్లో గుంతలు దించి వేడి తిండి అమ్మిన కొట్లు చూసి ‘అమ్మా, అప్పుడే కర్రీ పాయింట్లు ఉన్నాయి’ అని మెసేజ్ పెట్టాడు మావాడు. నేనూ అత్తయ్యా రేవు దగ్గరే గలేరియా ఉంబెర్తో అనే పాత షాపింగ్ ఆర్కేడ్‌లో తిరిగి, ఒక మార్గరీటా పిజ్జా చెరిసగం తిని, రెండింటికల్లా ఓడెక్కి పడుకున్నాం. నలుగురూ ఒకే చోటికి వెళ్లి తీరాలన్న రూల్ ఏదీ లేదు కదా.

సీ డే రోజు తెల్లవారుజామున ఓడ కోర్సికా, సార్డీనియా దీవుల మధ్య జలసంధిలోంచి వెళ్లింది. అటొక దీవి, ఇటొక దీవి. డెక్ మీద చూడటానికి వచ్చిన వాళ్లలో సగం మంది మనవాళ్లే, నిద్రపట్టని ఇండియన్లు.

దిగే ముందు రాత్రి పెట్టెలు గుమ్మం బయట పెట్టమంటారు. పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు లోపల ఉంచుకోవాలి. పైజామా మీద దిగి వచ్చిన ఒక పెద్దమనిషిని చూశాం. ఏజెంట్ మాడ్రిడ్‌కి పొద్దున తొమ్మిదింటికి బయల్దేరే హైస్పీడ్ రైలు వేశాడు. ఓడ దిగి, పెట్టెలు వెతుక్కుని, టాక్సీ పట్టుకుని, సాంట్స్ స్టేషన్లో సామాను స్కానింగ్ కూడా దాటాలి. నేను ముందే మార్పించి పన్నెండు తర్వాతది తీయించాను. రెండున్నర, మూడు గంటల ప్రయాణం. హోటల్ చెక్-ఇన్ టైముకి సరిగ్గా చేరాం.

మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియం, రెతిరో పార్కు, అంతే. ప్రాదోకి సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ప్రవేశం ఉచితం. ఓడ దిగిన సాయంత్రానికి ఆ రెండు గంటలే మోతాదు. ఏజెంట్ పెట్టిన టొలీడో ఊరి టూర్ రద్దు చేయిస్తే డబ్బులు వెనక్కి రావడానికి ఆరు ఈమెయిళ్లు పట్టాయి, అది ఏజెన్సీకి మార్కులు తగ్గించాల్సిన విషయం. ఇంకోటి, ఓడలో రోజుకి మనిషికి ఇంత అని టిప్పులు వాళ్లే ఖాతాలో వేసేస్తారు. నలుగురికి ఏడు రోజులంటే చిన్న మొత్తం కాదు, అది కొటేషన్‌లో ఒక్క ముక్క లేదు. వైఫై కూడా అంతే. బుక్ చేసేటప్పుడు విదేశీ ప్యాకేజీ మీద పన్నుగా కట్టిన టీసీఎస్ మాత్రం ఐటీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు, రసీదు దాచుకోండి.

నా మార్కులు: ఓడకి ఐదుకి నాలుగు, మేం మార్చుకున్న రూటుకి నాలుగున్నర, ఏజెన్సీ మొదటిచ్చిన రూటుకి ఒకటి. వచ్చే ఏడు గ్రీసు వైపు అడుగుతున్నారు మావాళ్లు. రేవుల టైమింగ్స్ మొత్తం ముందు పంపమని ఏజెంట్‌కి మెసేజ్ పెట్టాను, ఇంకా పంపలేదు.