ఒక్క మనిషి వంటకి రైతు బజార్: మూడు నెలలు తిరిగాక రాస్తున్నా

ముందే చెప్పేస్తున్నా, నేను హైదరాబాద్‌లో ఒక్కదాన్నే ఉంటాను, పొద్దున బాక్సు కట్టుకుని ఆఫీసుకి పోతాను, రాత్రి వచ్చి ఏదో ఒకటి వండుకుంటాను. కాబట్టి నలుగురున్న ఇంటికి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. పావు కిలో బెండకాయలతో రెండు పూటలు లాగించేవాళ్ళ కోసం ఇది.

మొన్నమొన్నటిదాకా నా సరుకులన్నీ ఫోన్‌లోనే. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్ ఒకటి, పేరెందుకులెండి. అందులో కొత్తిమీర కావాలంటే కొత్తిమీర ఒక్కటే తెప్పించుకోలేం, డెలివరీ ఛార్జీ పడకూడదంటే ఇంకో వంద, నూటయాభై రూపాయల సరుకు కలపాలి, అలా కలిపిన చిప్స్ ప్యాకెట్లూ బిస్కెట్లూ ఎన్నో నాకే తెలీదు. ఒక నెలాఖరున కూర్చుని లెక్కేస్తే 5,800 తేలింది. బయట తిన్నవి ఇందులో లేవు! అమ్మకి ఫోన్‌లో చెప్తే "ఒక్కదానివే కదే, ఏం తిన్నావు అంత?" అంది. తిన్నది తక్కువ, పారేసింది ఎక్కువ. ఆ రోజు ఫ్రిజ్ సర్దితే సగం క్యాబేజీ నల్లబడి ఉంది, కొత్తిమీర కవర్లోనే నీళ్ళయిపోయింది, అర కిలో క్యారెట్ ప్యాకెట్లో రెండు వాడి మిగతావి మర్చిపోయాను. యాప్‌లో కిలో రేటు ఎక్కువని అందరూ తిడతారు గానీ నా డబ్బు పోయింది రేటు దగ్గర కాదు, వాళ్ళు కట్టిన ప్యాకెట్ నా కడుపుకంటే పెద్దది, అదీ సంగతి.

అప్పట్నుంచి ఆదివారం సాయంత్రం రైతు బజార్‌కి పోతున్నాను. రూమ్ నుంచి నడిచి ఇరవై నిమిషాలు. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలైన ఏర్పాటు ఇది, దళారి లేకుండా రైతే తెచ్చి అమ్ముకోవాలని. గుర్తింపు కార్డు ఉన్న రైతులకి చోటిస్తారు, రోజూ పొద్దున్నే రేట్లు ఖాయం చేసి బోర్డు మీద రాస్తారు, హోల్‌సేల్ కంటే కాస్త ఎక్కువ, బయట దుకాణం కంటే తక్కువ ఉండేలా. మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురం, ఎక్కడికెళ్ళినా పద్ధతి ఇదే.

నాకు నచ్చింది రేటు కంటే తూకం. ఎంత కావాలంటే అంత. మొదటి వారం పావు కిలో దొండకాయలు అడిగితే అక్కడి పెద్దావిడ "పావు కిలో ఏం సరిపోతది బిడ్డా, అర్ధకిలో తీస్కో" అంది. ఒక్కదాన్నే అమ్మా అన్నాను. ఒకసారి కిందనుంచి పైకి చూసి పావు కిలో తూచి, పైన రెండు కాయలు కొసరేసింది. ఇప్పుడు అడగక్కర్లేదు, నేను కనబడగానే పావు రాయి తీస్తుంది. రెండు పచ్చిమిరపకాయలు, ఒక రెమ్మ కరివేపాకు చేతిలో పెట్టి పంపే మనుషులు ఇంకా ఉన్నారక్కడ, యాప్‌లో ఆ కరివేపాక్కి కూడా బిల్లు పడుతుంది.

ఇక లెక్క. వారానికి 800 అని పెట్టుకున్నాను. బజార్లో కూరగాయలు, ఆకుకూరలకి 220, పళ్ళకి వంద. పళ్ళంటే సీజన్లో ఏది చవకైతే అది, జామకాయో అరటిపళ్ళో, కివీ లాంటివి చూడను కూడా చూడను. డజను గుడ్లకి ఇంచుమించు 80, రోజు విడిచి రోజు పాల ప్యాకెట్, అందులోనే పెరుగు తోడు, అది 120. మొత్తం 520. మిగిలిన 280 ఖర్చు పెట్టకుండా డబ్బాలో వేస్తాను, నెల తిరిగేసరికి బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పూ కారం, టీ పొడి కిరాణా కొట్లో దాంతోనే వస్తాయి. ఈ డబ్బా సంగతి నేను కనిపెట్టింది కాదు, అమ్మ పోపుల డబ్బా కింద పెట్టేది, నేను హార్లిక్స్ సీసాలో పెడుతున్నాను. బజార్‌కి మాత్రం నగదే పట్టుకెళ్తాను. ఫోన్‌తో స్కాన్ చేసే సౌకర్యం చాలామంది దగ్గర ఉంది, అదే ప్రమాదం, చేతిలో 320 రూపాయలే ఉంటే మూడో రకం పండు దగ్గర కాలు ఆగదు.

కొట్టు గురించి ఒక మాట. పప్పూ బియ్యం విడిగా తూకం వేయించుకుంటే జీఎస్టీ పడదు, 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన వాటి మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం ఉంది. ఒక్క మనిషికి నెలకి పది ఇరవై రూపాయల తేడా అనుకోండి, కానీ విడిగా కొంటే ముప్పావు కిలో కందిపప్పు కూడా అడగొచ్చు, నాకు కావలసింది అది. పురుగు పట్టించుకుని చెరిగే ఓపిక నాకు లేదు.

ఏం కొనాలనేది నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. మొదటి వారం గోంగూర, తోటకూర, పాలకూర, మెంతికూర నాలుగూ కొనేశాను, చవకగా, నిగనిగలాడుతూ కనబడ్డాయి మరి. బుధవారానికి రెండు కట్టలు చెత్తబుట్టలోకి పోయాయి. అంటే యాప్‌లో చేసిన పనే రైతు బజార్లో సగం రేటుకి చేశానన్నమాట. ఇప్పుడు ఆకుకూర రెండు కట్టలు మించి కొనను, సోమ, మంగళవారాల్లో పప్పులోకి పోవాలి. ఆ తర్వాత బెండ, బీర. వారం చివరికి దోసకాయ, బంగాళాదుంప, ఇవి ఎన్నాళ్ళైనా ఓపిక పడతాయి. టమాటాలు ముప్పావు కిలో, సగం పండినవి, సగం దోరవి ఏరుకుంటాను. సొరకాయ దగ్గరే ఇప్పటికీ ఓడిపోతున్నాను, చిన్నది దొరకదు, సగం కోసివ్వరు, కొన్నానంటే కూర, పప్పు, మజ్జిగ పులుసు అంటూ మూడు రోజులు అదే. పక్క ఫ్లాట్ ఆంటీతో చెరిసగం ఒప్పందం చేసుకున్నాను, అప్పుడే కొంటున్నాను.

రేటు ఎగిరిన కూరని ఆ వారానికి వదిలేయాలి, దీనికి మినహాయింపు పెట్టుకోలేదు. 2023లో టమాటా మండిపోయినప్పుడు ఆంధ్రాలో ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50కి అమ్మించింది, గుంటూరులో అమ్మ లైన్లో నిలబడి తెచ్చుకుంది. లైన్లో నిలబడే టైమ్ నాకు లేదు, చింతపండు పులుసు పెట్టుకుంటాను, టమాటా లేకపోతే ప్రాణమేం పోదు.

బాగాలేనివి కూడా చెప్పాలి. సాయంత్రం వెళ్తే రేటు దిగుతుంది, నిజమే, కానీ ఆకుకూర వాడిపోయి ఉంటుంది, మంచి కాయలు పొద్దున్నే ఎవరో ఏరుకుపోయి ఉంటారు. ఒక చోట బోర్డు మీద ఉన్న రేటుకీ గంప దగ్గర చెప్పిన రేటుకీ కిలోకి ఎనిమిది రూపాయలు తేడా, బోర్డు చూపిస్తే "అది పొద్దుటి మాలు రేటు" అన్నాడు. అతని వాలకం చూస్తే పొలం మొహం చూసినట్టు లేదు, నాలుగు రాష్ట్రాల కూరగాయలు ఒక్క బల్ల మీదే ఉన్నాయి. అలాంటి బల్లలు వదిలేసి, మూడు నాలుగు రకాలే పెట్టుకుని కూర్చున్నవాళ్ళ దగ్గర కొనండి. కింద బురద, వానాకాలంలో మంచి చెప్పులు వేసుకుని వెళ్ళకండి. గుడ్డ సంచులు రెండు పట్టుకెళ్ళండి, ఒకటి టమాటాలకే, అన్నీ ఒకదాంట్లో కుక్కి బంగాళాదుంపల కింద టమాటాల రసం తీసిన అనుభవం నాది.

మూడు నెలల్లో రెండుసార్లు 800 దాటాను. ఒకసారి ఫ్రెండ్స్ భోజనానికొచ్చారు, ఇంకోసారి మామిడికాయలు చూసి ఆవకాయ పెడదామనిపించింది. అర కిలో ఆవకాయ పెట్టడానికి ఆవపిండి, నూనె, వెల్లుల్లి అన్నీ కొని చివరికి ఎంతయిందో ఇక్కడ రాయను, అమ్మ ఇది చదువుతుంది.

అయిదుకి నాలుగు స్టార్లు. ఒక స్టార్ ఆ బోర్డు గొడవకి తగ్గించాను, సొరకాయ సగం కోసిస్తే తిరిగి ఇచ్చేస్తాను.