18 అడుగుల ఫైబర్ బోటుకు 25 హెచ్‌పీ ఇంజన్: ఆరేళ్ల వాడకం తర్వాత

కోనసీమలో వైనతేయ పాయ మీద ఆరేళ్లుగా ఈ బోటు నడుపుతున్నాను. కొబ్బరికాయలు, అరటి గెలలు, లంకకు వచ్చిపోయే మనుషులు, అన్నీ దీని మీదే. ఇంజన్ మీద నాకు ఫిర్యాదు లేదు. టైముకి ఆయిల్ మార్చి, ఉప్పునీటిలో తిప్పిన రోజు మంచినీళ్లతో కడిగితే చాలు, తాడు రెండోసారి లాగేసరికి అందుకుంటుంది. నేను రాయాలనుకున్నది అది లేపే అల గురించి. కొనేటప్పుడు షాపులో ఆ మాటే ఎవరూ ఎత్తలేదు.

మొదటి ఏడాది ఒకరోజు తొమ్మిది మందిని ఎక్కించుకుని, ఒడ్డు వారగా, సగం రేజింగ్‌లో వెళ్లాను. జోరుగా పోవడం లేదు కదా అనే ధైర్యం. తిరిగొస్తుంటే రేవులో ఒకావిడ ఆపింది. "నువ్వెళ్లిపోయావులే అని బిందె మెట్టు మీద పెట్టాను బాబూ. ఆనక అలొచ్చి పట్టుకుపోయింది" అంది. పక్కనే ఆవిడ మనవరాలు నడుం దాకా తడిసి, మెట్టు అంచు పట్టుకుని నిలబడి ఉంది. బిందె కొనిచ్చాను. ఆ పిల్ల చెయ్యి జారి ఉంటే అన్న ఆలోచనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ఫోన్లో స్పీడు చూసుకుంటూ, వెనక్కి తిరిగి నీళ్లను గమనిస్తూ నడిపాను. వేగం పెరిగేకొద్దీ అలకీ అలకీ మధ్య దూరం పెరుగుతుంది. మా బోటుకు గంటకు 10 కి.మీ. దగ్గర ఆ దూరం బోటు పొడవుకు సమానమవుతుంది. అది దాటి రేజ్ చేస్తే వెనక భాగం గుంటలో కూర్చుని ముక్కు పైకి లేస్తుంది. బోటు తను లేపిన అలను తనే ఎక్కలేక రొప్పుతుంది. మాకు 12 నుంచి 16 కి.మీ. మధ్య వచ్చేదే అన్నిటికన్నా పెద్ద అల. ఇద్దరమే ఉంటే 20 దాటాక బోటు పైకి లేచి నీటి మీద జారుతూ పోతుంది, అల కూడా తగ్గుతుంది. తొమ్మిది మందితో ఎంత రేజ్ చేసినా అలా లేవదు. నేను నెమ్మది అనుకున్న సగం రేజింగే అసలు ప్రమాదం.

ఆవిడ చెప్పిన ఆలస్యానికీ లెక్క ఉంది. లోతు నీటిలో బోటు వెనక అలలు దారికి అటూ ఇటూ 19.5 డిగ్రీల మేర విచ్చుకుంటాయని, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ 1887లోనే లెక్కగట్టారు. అంటే మన దారికి పక్కగా వంద మీటర్ల దూరంలోని రేవును అల తాకేసరికి బోటు ఆ రేవు దాటి దాదాపు 280 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. 14 కి.మీ. వేగంలో అది నిమిషం పైమాటే. ఈలోగా రేవులో వాళ్లు మనల్ని మర్చిపోతారు.

లంక గట్లు ఒండ్రు మట్టి. అల కొట్టి వెనక్కి లాగిన ప్రతిసారీ నీళ్లు ఎర్రగా కలకబారి, కొబ్బరి వేళ్లు ఇంకాస్త బయటపడతాయి. అల ఎత్తు రెట్టింపైతే దాని బలం నాలుగింతలు. వరద కోతను నేను ఆపలేను, ఇది మాత్రం నా చేతిలో ఉన్నదే.

లోడు ఉంటే ఒడ్డు వారన 8 కి.మీ. దాటను. మనుషుల్ని వెనక గుంపుగా కూర్చోనివ్వను, ఇద్దరినైనా ముందుకు జరుపుతాను. రేవు కనబడగానే రేజింగ్ ఒక్కసారిగా వదలకండి. వెనకొచ్చే మన అలే ఇంజన్ పక్క నుంచి బోటులోకి ఎక్కుతుంది. వంద మీటర్ల ముందు నుంచే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి.