కోడ్‌స్పెల్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మా టీమ్‌లో పైథాన్ ప్రాజెక్టులన్నిటికీ కొన్నేళ్లుగా కోడ్‌స్పెల్ వాడుతున్నాం. కోడ్ మధ్య వివరణగా రాసే కామెంట్లలో, ఎర్రర్ మెసేజ్‌లలో, రీడ్‌మీ ఫైళ్లలో దొర్లే స్పెల్లింగ్ తప్పులను పట్టే ఉచిత టూల్ ఇది. పైథాన్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసి ప్రాజెక్టు ఫోల్డర్‌లో రన్ చేస్తే ఫైలు పేరు, లైను నంబరు, తప్పు, ఒప్పు వరసగా చూపిస్తుంది.

మామూలు స్పెల్ చెకర్లతో కోడ్ దగ్గర వేగలేం. డిక్షనరీలో లేని ప్రతి మాటా వాటికి తప్పే. వేరియబుల్ పేర్లు, లైబ్రరీల పేర్లు, మన ఇంటిపేర్లు, అన్నిటికీ ఎర్రగీతలు పడతాయి. కోడ్‌స్పెల్ దగ్గర ఉన్నది జనం తరచూ చేసే తప్పుల జాబితా. ‘రిసీవ్’లో ఈ, ఐ అక్షరాలు తారుమారైనా, ‘సెపరేట్’ మధ్యలో ఏ బదులు ఈ పడినా పట్టేస్తుంది. తెలియని మాట జోలికి పోదు. అనవసరపు హెచ్చరికలు తక్కువ కాబట్టే మా టీమ్‌లో ఎవరూ దీన్ని ఆపేయలేదు.

ఎర్రర్ మెసేజ్‌లో ఒక్క అక్షరం తప్పినా ప్రోగ్రాము రాసిపెట్టే లాగ్‌లలో వెతికేటప్పుడు ఆ లైను దొరకదు. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు ఆ టెన్షన్ ఏంటో పడినవాళ్లకే తెలుస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాళ్లకు కోడ్ రివ్యూలో అందరిముందూ స్పెల్లింగ్ తప్పులు ఎత్తిచూపితే చిన్నబోతారు. టూల్ చెబితే దిద్దుకుని ముందుకెళ్తారు. నాకు ఇది చాలా నచ్చింది.

మనవాళ్లకు తప్పక తగిలే చిక్కు ఒకటుంది. సాఫ్ట్‌వేర్‌లో తెలుగును సూచించే కోడ్ టీ, ఈ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు. కోడ్‌స్పెల్ దాన్నీ తప్పు స్పెల్లింగ్ కిందే లెక్కేసి ‘ద’, ‘బి’, ‘వి’ అనే ఇంగ్లిష్ మాటలను సలహాగా ఇస్తుంది. సెట్టింగ్స్‌లో ఇగ్నోర్ జాబితాకు ఆ రెండక్షరాలూ చేరిస్తే గొడవ వదిలిపోతుంది.

డబ్ల్యూ ఆప్షన్ ఇస్తే తప్పులను తనే దిద్దేస్తుంది, ఒకటికి మించి ఒప్పులు ఉన్నచోట మాత్రం మనకే వదిలేస్తుంది. అయినా దిద్దినవన్నీ డిఫ్‌లో (పాత, కొత్త లైన్ల తేడా చూపేది) చూడకుండా కమిట్ చేయొద్దు, అంటే కోడ్ చరిత్రలో చేర్చొద్దు. కొన్ని తప్పులు తప్పుగానే ఉండాలి మరి. బ్రౌజర్లు, సర్వర్లు మాట్లాడుకునే హెచ్‌టీటీపీలో రెఫరర్ హెడర్ (ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పేది) చూడండి. 1996 నాటి 1.0 స్పెసిఫికేషన్‌లోనే ఒక ‘ఆర్’ తగ్గింది. బ్రౌజర్లు ఇప్పటికీ ఆ స్పెల్లింగ్‌తోనే పంపుతాయి. కోడ్‌లో దాన్ని సరిచేస్తే సర్వర్‌కు ఆ హెడర్ కనబడదు.

అసలు లోటు వేరియబుల్ పేర్ల దగ్గరే. అండర్‌స్కోర్‌తో కలిపిన పేరు మొత్తాన్నీ ఒకే మాటగా చూస్తుంది కాబట్టి లోపలి తప్పు తప్పించుకుంటుంది. ఖాళీ లేకుండా పెద్ద అక్షరాలతో మాటలు కలిపే క్యామెల్ కేస్ పేర్లదీ అదే కథ. ఇతర ప్రోగ్రాములు వాడుకునే ఏపీఐలో ఒకసారి అలాంటి పేరు బయటికెళ్తే వాడేవాళ్లందరి కోడ్ విరగకుండా మార్చడం కష్టం. పేర్లలోని తప్పులే మీకు ముఖ్యమైతే రస్ట్ భాషలో రాసిన ‘టైపోస్’ చూడండి, అది పేర్లను విడగొట్టి చూస్తుంది. కామెంట్లు, డాక్యుమెంటేషన్ వరకైతే కోడ్‌స్పెల్‌ను ప్రీ-కమిట్‌లో (కమిట్‌కు ముందు తనంతట తనే నడిచే తనిఖీల్లో) పెట్టుకోండి, చాలు.