అమ్మ నల్ల ఉషా మిషన్‌కి మోటర్ పెట్టించా, ఏడాదిన్నరగా ఇంట్లో చిరుగులన్నీ దాని మీదే

ముందే చెప్తున్నా, ఇది కొత్త మిషన్ రివ్యూ కాదు. 1989లో అమ్మ పెళ్ళికి తాతయ్య కొనిచ్చిన ఉషా నల్ల కుట్టుమిషన్, కాలితో తొక్కేది. దానికి మోటర్ బిగించుకుని ఏడాదిన్నర నుంచి వాడుతున్నా. కొత్త బట్టలు కుట్టడం నాకు రాదు, ఆ కోరికా లేదు. ఇంట్లో చిరిగినవి, అరిగినవి, పొట్టైనవి, బిగుతైనవి బాగుచేసుకోడానికే. కొత్త తెల్ల మిషన్ కొనాలా, ఆన్‌లైన్‌లో కనిపించే బుల్లి మిషన్ చాలా, ఊళ్ళో మూలన పడున్న పాతదాన్ని తెచ్చుకోవాలా అని ఊగిసలాడేవాళ్ళ కోసం రాస్తున్నా, ఎందుకంటే నేను కూడా ఆరు నెలలు అలాగే ఊగిసలాడా.

అసలు ఎలా మొదలైందంటే మా ఆయన జీన్స్ ప్యాంట్లు అన్నీ తొడల మధ్య ఒరుసుకుని అక్కడే పోతాయి, మిగతా ప్యాంటంతా కొత్తదానిలా ఉంటుంది. మా వీధి టైలర్ దగ్గరికి తీసుకెళ్తే ఇలాంటి చిల్లర పనులు ఇప్పుడు కాదమ్మా, బ్లౌజులే బోలెడు ఉన్నాయి, పండగ అయ్యాక రండి అంటాడు. ఆయన్ని తప్పు పట్టలేం, ఒక మాసిక వేసే టైంలో ఆయనకి సగం జాకెట్ అయిపోతుంది. అలా అలా ఇంట్లో ఒక సంచి నిండా చిరిగిన బట్టలు పోగయ్యాయి, పారేయబుద్ధి కాదు, వేసుకోడానికి పనికిరావు.

మొదట ఆన్‌లైన్‌లో ఒక బుల్లి మిషన్ కొన్నా, పేరు అనవసరం, ఆ సైజువి చాలా పేర్లతో వస్తాయి. బ్యాటరీతోనూ నడుస్తుంది, అడాప్టర్‌తోనూ నడుస్తుంది. దిండు గలీబు మీద బాగానే కుట్టింది గానీ ప్యాంటు అంచు పెట్టగానే గుయ్యిమని ఆగిపోయింది. అంతకంటే ముందు స్టేప్లర్ లాగా చేత్తో పట్టుకుని నొక్కేది కూడా ఒకటి కొని ఉన్నా. దాని సంగతి మాత్రం అందరికీ తెలియాలి, అది ఒక్క దారంతో గొలుసు కుట్టు వేస్తుంది, చివర ముడి సరిగ్గా పడకపోతే ఆ కొస పట్టుకుని లాగగానే కుట్టంతా జర్రున ఊడొచ్చేస్తుంది. మా పాప స్కర్టు అంచు స్కూల్లోనే ఊడింది, పాపం పిన్నీసు పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆ రోజే అమ్మకి ఫోన్ చేసి మిషన్ ఇంకా ఉందా అని అడిగా.

తెనాలిలో అటక కింద స్టాండుతో సహా ఉంది. ఇనప స్టాండు మోసుకురావడం కష్టం, మా ఫ్లాట్‌లో పెట్టే చోటూ లేదు, అందుకని పైన మిషన్ ఒక్కటే తెచ్చుకున్నాం. వెనక రెండు స్క్రూలు వదులు చేస్తే కీళ్ళ నుంచి ఊడి వచ్చేస్తుంది. ఒక్కటే ఎంత బరువో మోస్తే తెలిసింది, బాడీ అంతా పోత ఇనుము. సికింద్రాబాద్‌లో పాత మిషన్లు బాగుచేసే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చక్రం చేత్తో రెండుసార్లు తిప్పి చూసి, నూనె ఎండి జిగురు కట్టింది తప్ప ఏం కాలేదమ్మా, బాడీ ఇంకో ముప్ఫై ఏళ్ళు ఉంటుంది, బాబిన్ కేసు మార్చండి చాలు అన్నాడు. అంటే కింది దారం చుట్టిన బుల్లి చక్రం కూర్చునే డబ్బీ. కిరోసిన్‌తో కడిగి, నూనె వేసి, పక్కన చిన్న మోటర్ బిగించి, దానికి రబ్బరు బెల్టు, కాలి పెడల్ ఇచ్చాడు. చక్రం కింద స్తంభానికి మోటర్ బిగించుకోడానికి మర చుట్టిన రంధ్రం కంపెనీ నుంచే ఉంటుంది, మా అమ్మకి ఇన్నేళ్ళూ అది ఎందుకుందో తెలీదు. కింద చెక్క పెట్టెతో కలిపి అంతా 3,200 అయింది నాకు. 

మోటర్ గురించి ముందు చెప్తా, కొత్తవాళ్ళు భయపడేది దీనికే. మొదటి వారం పెడల్ మీద కాలు పెడితే చాలు మిషన్ పరుగెత్తేది. దారం ఎక్కించకుండా, పాత నోట్‌బుక్ కాగితం పెట్టి గీతల మీద కుట్టడం ప్రాక్టీస్ చేశా, ఒక సాయంత్రం సరిపోయింది. ఈ చిన్న మోటర్లకి నిదానంగా నడిచేటప్పుడు బలం ఉండదు, మందం వచ్చినచోట మూలిగి ఆగిపోతుంది. అప్పుడు పెడల్ ఇంకా తొక్కకూడదు, కాలు తీసేసి చక్రం చేత్తో మనవైపుకి తిప్పుకుంటూ ఆ నాలుగు కుట్లు దాటించాలి. చాలాసేపు వాడితే పెడల్ వెచ్చబడుతుంది, నేను అరగంటకోసారి ఆపుతా.

ఇప్పుడు జీన్స్. నేను ఈ మిషన్‌కి ప్రేమగా మార్కులు వేసేది ఇక్కడే. డెనిమ్‌లో నిలువు పోగు నీలం, అడ్డ పోగు తెలుపు. ఒరుసుకుని ముందు నీలం పోగులు తెగుతాయి, అందుకే తెల్ల పోగులు అడ్డంగా నిచ్చెన మెట్లలా బయటపడతాయి. ఆ దశలోనే పట్టుకోవాలి, చిల్లు పడ్డాక పని మూడింతలు. పాత జీన్స్‌లో పల్చబడ్డ ముక్క తీసుకుంటా, కొత్త మందపాటి ముక్క వేస్తే నడిచేటప్పుడు తొడకి గట్టిగా తగులుతుంది. దాన్ని లోపలి వైపు పెట్టి చేత్తో పెద్ద పెద్ద టాకాలు వేసి, ఆ తర్వాత మిషన్ మీద నిలువు పోగు వెంటే ముందుకీ వెనక్కీ దగ్గర దగ్గరగా గీతలు కుట్టుకుంటూ పోవడమే. 16 నంబరు సూది, కుట్టు పొడవు బాగా తగ్గించి, దారం ముదురు నీలం కాకుండా కాస్త బూడిద కలిసిన నీలం, అరిగిన జీన్స్ రంగులో అదే కలిసిపోతుంది.

ఇందులో నేను చేసి నేర్చుకున్నది ఒకటుంది. మొదటి ప్యాంటుకి మాసిక చుట్టూ చక్కగా చదరంగా కుట్టు వేశా, చూడ్డానికి భలే ఉంది, నెల తిరగ్గానే ఆ కుట్టు గీత వెంబడే చిరిగింది. ఎందుకంటే గట్టి మాసికకీ మెత్తబడ్డ గుడ్డకీ మధ్య లాగుడంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. ఇప్పుడు చదరం కుట్టను, గీతలు ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా, అరిగిన చోటు దాటి బాగున్న గుడ్డలోకి రెండు వేళ్ళ వెడల్పు దాకా తీసుకెళ్తా. అలా చేసిన ప్యాంటు పదకొండు నెలలుగా వాడకంలో ఉంది.

మోకాలు దగ్గర చిరిగితే మాత్రం ఈ మిషన్‌తో కొంచెం యాతన. దీనికి అడుగు బల్లలా పరుచుకుని ఉంటుంది, ప్యాంటు కాలు గొట్టంలా తొడిగే వీలు లేదు. అందుకని పక్క కుట్టు విప్పుకోవాలి. చాలా జీన్సులకి లోపలి కాలి కుట్టు మడత మీద మడత వేసి రెండు వరసలు కుట్టి ఉంటుంది, దాన్ని విప్పితే మళ్ళీ అలా కుట్టలేం, బయటి పక్క కుట్టు ఎక్కువగా మామూలు కుట్టూ, అంచు పోగులు ఊడకుండా వేసే ఓవర్‌లాకూ మాత్రమే, అది విప్పి పని అయ్యాక మూసేయడం తేలిక. 

అడుగు అంచు మడిచేటప్పుడు పక్క కుట్ల దగ్గర ఎత్తు వస్తుంది కదా, అక్కడ గుడ్డని నొక్కిపట్టే ఫుట్ ముందు భాగం పైకి లేచి కుట్టు తప్పుతుంది. ఫుట్ వెనక అట్టముక్క మడిచి పెట్టి ఎత్తు సమం చేస్తే సాఫీగా ఎక్కుతుంది. కుట్టే ముందు ఆ ఎత్తు భాగాన్ని గుడ్డ కప్పి చిన్న రోకలితో నాలుగు దెబ్బలు వేస్తా, అణుగుతుంది. ఇది అమ్మ చెప్పింది.

కింద దారం ఉండలు కట్టడం, ఇదొక్కటి అర్థం చేసుకుంటే సగం మంది మిషన్ మూలన పడేయరు అనిపిస్తుంది. పై దారం, బాబిన్ దారం గుడ్డ మందంలో మధ్యలో పెనవేసుకోవాలి. అడుగున ఉచ్చులు కనిపిస్తే అందరూ బాబిన్‌ని తిడతారు, తప్పు దాదాపు ఎప్పుడూ పైనే ఉంటుంది, పై దారం, దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ పళ్ళాల మధ్యలోకి సరిగ్గా దిగలేదన్నమాట. ఫుట్ పైకెత్తి దారం ఎక్కించాలి, దించి ఉంటే ఆ పళ్ళాలు బిగుసుకుని దారాన్ని లోపలికి రానివ్వవు. నాకు ఇది తెలియక రెండు రోజులు స్క్రూలన్నీ తిప్పుకుంటూ కూర్చున్నా. సూది కూడా, పది రూపాయల వస్తువు అది, మొన వంగితే కుట్లు తప్పుతాయి, దారం తెగుతుంది, వెంటనే మార్చేయండి. పల్చటి జాకెట్ గుడ్డకి 11, మామూలు కాటన్‌కి 14, జీన్స్‌కి 16, ఈ మూడు ఇంట్లో ఉంటే చాలు. షాపులో ఇంటి మిషన్ సూది అని చెప్పి అడగండి, పెద్ద మిషన్లకి వేసే గుండ్రటి మొదలు సూది దీనికి పట్టదు.

నాన్న చొక్కాల కాలర్లు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. గడ్డం రాపిడికి కాలర్ మడత దగ్గర పోగులు లేస్తాయి, చొక్కా మాత్రం మెత్తగా, ఆయనకి అలవాటైన చొక్కా. కాలర్‌ని పట్టీ నుంచి జాగ్రత్తగా విప్పి, తిరగేసి, అరిగిన వైపు కిందికి పోయేలా మళ్ళీ అదే పట్టీలో దూర్చి కుట్టేయడమే. విప్పే ముందు మధ్యలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే ఒక పక్కకి లాగేస్తుంది. పూర్వం ఇళ్ళల్లో మామూలుగా చేసేవాళ్ళంట, అమ్మ కూడా తాతయ్య చొక్కాలకి ఇదే మిషన్ మీద చేసింది. ఇప్పటికి నాలుగు చొక్కాలు తిప్పా, సంక్రాంతికి నాన్న అందులో ఒకటి వేసుకుని గుడికెళ్ళాడు, నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

యూనిఫాంలు, నైటీలు, జాకెట్ పక్కలు వదులు చేయడం, ఇవి పది నిమిషాల పనులు, పెద్దగా చెప్పడానికేం లేదు. జాకెట్ విప్పే ముందు లోపల మార్జిన్ ఎంత ఉందో చూసుకోండి, కొన్ని రెడీమేడ్ వాటికి అసలు ఉండదు. మధ్యలో పల్చబడ్డ దుప్పటిని నిలువుగా రెండుగా కోసి, అంచులు మధ్యకి తెచ్చి కలిపి కుడితే ఇంకో రెండేళ్ళు వస్తుంది, మధ్యలో కుట్టు తగులుతుంది అంతే.

కానిది ఏంటంటే, లెగ్గింగులు, టీషర్టులు. ఇది సూటి కుట్టు తప్ప ఇంకోటి వేయదు. సాగే గుడ్డ మీద సూటి కుట్టు వేస్తే గుడ్డ సాగినప్పుడు దారం సాగదు, టక్కున తెగుతుంది. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వేసి, కుట్టేటప్పుడు గుడ్డని కొద్దిగా సాగదీసి పట్టుకుని చూశా, చంక దగ్గర పర్లేదు, నడుము దగ్గర నిలవలేదు. కాజాలు కూడా దీంతో కుదరవు, పీకో సంగతి సరేసరి. మీ ఇంట్లో చిరిగేవి ఎక్కువ పిల్లల టీషర్టులు, ట్రాక్ ప్యాంట్లే అయితే పాతదాని మీద డబ్బు పెట్టకండి, జిగ్‌జాగ్, అంటే వంకర కుట్టు ఉన్న కొత్త ఎలక్ట్రిక్ మిషన్ కొనుక్కోండి, ప్యాంటు కాలు తొడగడానికి వీలుగా సన్నటి చేయి ఉన్నది చూసి మరీ కొనండి. ఇంకో మాట, పట్టుచీర చిరిగితే దయచేసి ఏ మిషన్ కిందా పెట్టకండి. సూది పడిన ప్రతిచోటా పట్టు మీద రంధ్రం మిగిలిపోతుంది, జరీ దగ్గరైతే ఇంకా ఘోరం. అది పోగు పోగు తీసి చేత్తో అల్లే రఫూ వాళ్ళ పని, వాళ్ళు అడిగినంతా ఇచ్చేయండి.

శబ్దం ఉంటుంది, కింద మందపాటి పట్టా వేశా, రాత్రి తొమ్మిది తర్వాత ముట్టుకోను. వారానికోసారి పైన రంధ్రాల్లో ఒక్కో చుక్క మిషన్ నూనె, కొబ్బరినూనె మాత్రం వద్దు, అదే ఎండి జిగురవుతుంది. బాబిన్ దగ్గర చేరే దూదిని పాత బ్రష్‌తో తీసేస్తా. ఏడాదిన్నరలో మార్చింది ఒక బెల్టు, రెండు ప్యాకెట్ల సూదులు.

ఆ చిరుగుల సంచిలో ఇప్పుడు మిగిలినవి రెండే, మా ఆయన ఖాకీ ప్యాంటు, అమ్మ పంపిన వాయిల్ చీర. చీరకి కొంగు దగ్గర జానెడు చిరుగు, దానికి సరిపోయే సన్న దారం కోసం రేపు సికింద్రాబాద్ జనరల్ బజార్ వెళ్తున్నా.