చలికాలంలో క్యాంపు కలయిక: అడవిలోనా, ఊళ్లోనా?

అమెరికాలో యూదుల వేసవి క్యాంపులు ఆగస్టులో మూతపడ్డాక పిల్లల్ని మళ్లీ కలపడానికి రెండు దారులు: క్యాంపులోనే షబ్బాత్ (శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా సాగే యూదుల విశ్రాంతి దినం) వారాంతం, లేదా నగరంలో శనివారం సాయంత్రం హవ్దాలా (షబ్బాత్‌కు వీడ్కోలు చెప్పే చిన్న ప్రార్థన).

క్యాంపులో సరదా ఎక్కువే. కానీ చాలా క్యాబిన్లకు హీటర్లుండవు. పైపులు గడ్డకట్టి పగలకుండా నీళ్లు ముందే ఖాళీ చేసేస్తారు. అసలు చిక్కు శుక్రవారం: డిసెంబరులో న్యూయార్క్‌లో సూర్యాస్తమయం 4:30 ప్రాంతంలో, షబ్బాత్ దీపాలు వెలిగించేది అంతకు 18 నిమిషాల ముందే; ఆ తర్వాత నిష్ఠగా ఉండేవాళ్లు బండెక్కరు. బడి 3కి వదిలితే బస్సు సమయానికి చేరదు. మార్చిలో గడియారం ముందుకు జరిపాక పెట్టుకోవడం మేలు.

హవ్దాలాకు జడలా అల్లిన కొవ్వొత్తి, ద్రాక్షరసం, కాసిని లవంగాలు చాలు. డిసెంబరులో 6కే మొదలెట్టొచ్చు. ఆన్‌లైన్‌లో పెడితే మాత్రం జాగ్రత్త: అప్పుడు లాస్ ఏంజెలిస్‌లో 3, షబ్బాత్ ఇంకా నడుస్తుంటుంది, నిష్ఠగా ఉండేవాళ్లు ఫోన్ ముట్టరు. వాళ్లూ కలవాలంటే న్యూయార్క్‌లో 8:30 దాటాల్సిందే. అప్పటికి ఇక్కడి చిన్నవాళ్లు నిద్రకు జోగుతుంటారు.